ఎంక్వైరీకి వచ్చిన రోజు

తొమ్మిదేళ్లుగా ఒక్క మాట ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గ్రూప్స్ పరీక్షకు చదువుకోవడానికి వచ్చి, చిక్కడపల్లిలో ఒక ఇంటి కింది గదిలో కిరాయికి ఉండేదాన్ని. పై గదిలో మా సైన్స్ మేడం. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లో అంతమందికి చెప్పిన పాఠమే పొద్దున్నే డాబా మీద నాకు మళ్లీ విడిగా చెప్పేది, ఊరికే. ఆమె అంటే నాకు ప్రాణం. ఆమెలాగే నడిచేదాన్ని, ఆమెలాగే జడ వేసుకునేదాన్ని. నవ్వకండి.

ఆదివారం క్లాసుకు మేడం వాళ్ల నాన్న వచ్చేవాడు. పాలమూరు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ, దోమలగూడ బస్తీలో ఉండేవాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వెనక బెంచీలో కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, బిడ్డ పాఠం చివరిదాకా వినేవాడు.

ఆ ఏడాది మేడం వ్యోమగామి శిక్షణకు ఎంపికైంది. విదేశంలో. పాస్‌పోర్ట్ రావడమే తరువాయి. పైకి వెళ్లాక తను ఉండే అంతరిక్ష నౌక సాయంత్రంపూట చుక్కలా కదులుతూ కనిపిస్తుందని ఆమె చెప్తే, ఆ పెద్దాయన నన్ను పక్కకు పిలిచి మరీ అడిగాడు, ఏ దిక్కున చూడాలని.

నాకు పరీక్ష రెండు నెలల్లో ఉంది. ఆమె వెళ్లిపోతే నాకెవరు చెప్తారు? నిజంగా పరీక్ష కోసమేనా? కాదు. నన్ను వదిలి అంత దూరం వెళ్తూ ఆమె అంత సంతోషంగా ఉండటం నేను ఓర్చుకోలేకపోయాను.

ఒక మధ్యాహ్నం కానిస్టేబుల్ ఫైలు పట్టుకుని వచ్చాడు. పాస్‌పోర్ట్ ఎంక్వైరీ. మేడం క్లాసులో ఉంది, ఫోన్ ఆపేసింది. ఓనరు ఊళ్లో లేడు. గేటు దగ్గర నేనొక్కదాన్నే.

"ఏమమ్మా, ఈ మేడం ఇక్కడనే ఉంటదా?"

"లేదు సార్. ఖాళీ చేసిపోయింది."

"ఎప్పుడు పోయింది?"

"పోయిన నెలనే."

"యాడికి పోయిందో ఎరుకనా?"

"తెల్వదు సార్."

ఆయన ఏదో రాసుకుని బండెక్కాడు. నిమిషం పట్టలేదు. పిలిచి నిజం చెప్పాలనుకున్నాను. బండి నారాయణగూడ వైపు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. పిలవలేదు.

ఆ చిరునామాలో మనిషి లేదని రిపోర్టు వెళ్లింది. మళ్లీ దరఖాస్తు పెట్టి పాస్‌పోర్ట్ తెచ్చుకునేలోపు శిక్షణ గడువు దాటిపోయింది. మేడం ఎవరినీ ఏమీ అనలేదు. ఆ రోజు క్లాసు మానేసి ఇంట్లో ఉండాల్సిందని తనను తానే తిట్టుకుంది. గడువు దాటిన మర్నాడు కూడా పొద్దున్నే డాబా మీద నాకు పాఠం చెప్పింది. నేను రాసుకున్నాను. ఆ పాఠాలతోనే ఉద్యోగం తెచ్చుకున్నాను.

ఐదేళ్ల తర్వాత ఆమె మళ్లీ ఎంపికైంది. ఈసారి శిక్షణకు వెళ్లింది, నాలుగేళ్ల తర్వాత, పోయిన నెల, పైకీ వెళ్లింది. ఆమె పైకి వెళ్లేనాటికి వాళ్ల నాన్న చనిపోయి ఏడాది.

ఆ నౌక నగరం మీదుగా వెళ్తుందని, నాలుగు నిమిషాలు కనిపిస్తుందని టీవీలో చెప్తే, పాత ఓనరును అడిగి అదే డాబా ఎక్కాను. చుట్టుపక్కల డాబాల మీద అందరూ చేతులెత్తి చూపించుకుంటున్నారు. నేను తలెత్తలేకపోయాను. ఆ నాలుగు నిమిషాలూ ఆ పెద్దాయన చూడాల్సినవి.

మేడంకే చెప్పొచ్చు కదా అంటారు. చెప్తే క్షమిస్తుంది, నాకు తెలుసు. అది తీసుకునే మొహం నాకు లేదు. అందుకని ఆ కానిస్టేబుల్‌కు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు మీకు చెప్తున్నాను.

మేడం ఎక్కడికీ పోలేదు. పై గదిలోనే ఉండేది. నేను లేదని చెప్తున్నప్పుడు కూడా ఆమె చీర డాబా మీద ఆరుతూనే ఉంది.