ఆదిలక్ష్మికో కమలాపండు

2009 ఏప్రిల్‌లో శాంటా క్లారా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తుంటే, రైల్లో నా పక్కన ఒక చైనా పెద్దావిడ కూర్చుంది. ఒడిలో కమలాపండ్ల సంచి. వాళ్ల నాయనమ్మ సమాధి దగ్గర పెట్టడానికట.

"పెళ్లని నమ్మించి ఆమెను చైనా నుంచి ఇక్కడికి ఓడెక్కించారు. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించారు. నాలుగేళ్లు వేశ్యాగృహంలో ఉండాలన్న ఒప్పందం అది. జబ్బుపడితే గడువు పెంచేవారు. చివరికి పారిపోయింది," అంది మామూలు గొంతుతోనే.

ఎవరైనా వింటున్నారేమోనని నేను చుట్టూ చూశాను.

"సిగ్గుపడాల్సింది ఆమె కాదు కదా," అంది.

మా నాయనమ్మ చెల్లెల్ని కూడా అలాగే అమ్మేశారు. ఇంట్లో ఆమె పేరెత్తరు. ఆవిడతో ఆ సంగతి చెప్పాను.

"పేరేంటి?"

"ఆదిలక్ష్మి," అన్నాను, నా జన్మలో మొదటిసారి.

ఆవిడ ఒక పండు తీసి విడిగా పెట్టింది. "ఇది ఆమెకి."

మా ఇంట్లో ఎవరూ చేయని పని చేసిన ఆ పరాయి మనిషికి, దిగేటప్పుడు చేతులెత్తి దండం పెట్టాను.