కనుమ మీద ఆగిన బండి

మా బావ జోల్చుబెక్, నాకు మీసాలు రాకముందు నుంచీ, మా ఊరు తొక్తోగుల్‌కూ రాజధాని బిష్కెక్‌కూ మధ్య ప్రయాణికుల వ్యాను నడిపేవాడు. దారిలో తోఓ-అషూ కనుమ మీద ఎంత మంచు పడ్డా ఆయన బండిలో ముసలమ్మలు నిశ్చింతగా కునుకు తీసేవాళ్ళు.

నోట్లో పుళ్ళు ఆయనకు ఎప్పుడూ ఉండేవే. ఒక ఏడు వసంతంలో కళ్ళూ ఎర్రబడ్డాయి, చూపు మసకేసింది. మా అక్క బూరుల్ పోరు పడలేక, నన్ను వెంటబెట్టుకుని బిష్కెక్‌లో కంటి ఆసుపత్రికి వెళ్ళాడు. చేతి నరంలోకి రంగు మందు ఎక్కించి, కంటి వెనక పొరను ఫొటోలు తీశారు. ఆ మందుకు ఒళ్ళంతా పసుప్పచ్చబడింది.

"ఖర్బూజాలా పండానురా, కోసుకు తినండి" అని నవ్వాడు.

డాక్టరు నాజిక్ నవ్వలేదు. తెర మీద ఎడమకన్ను చూపించింది.

"ఇది యువైటిస్ అన్నా, కంటి లోపలి వాపు. మీ నోటి పుళ్ళూ ఈ జబ్బులోవే. ఈ నల్లటి చోట్లకు రక్తం అందడం లేదు. అందుకే అంచున కొత్త రక్తనాళాలు పుట్టాయి. మెరుస్తున్నాయే, అవే. రంగు మందు కారిపోతోంది చూడండి. పగిలితే కన్ను రక్తంతో నిండుతుంది. నేను రాసిచ్చే మాత్రలు మానకండి. నెల తిరక్కుండా లేజరు చేయించుకోండి."

"పంటల రద్దీ అయ్యాక వస్తానమ్మా. ఇప్పుడు బండి ఆపితే గిరాకీ అంతా ఇంకొకడు ఎగరేసుకుపోతాడు."

"కన్ను మీకోసం ఆగదు."

మాత్రలకు ముఖం ఉబ్బింది. "ఏం జోల్చూ, గొర్రెను ఒక్కడివే మింగావా?" అని స్టాండులో డ్రైవర్లు ఏడిపించారు. చూపు కాస్త తేరుకోగానే మాకు చెప్పకుండా మాత్రలు మానేశాడు. లేజరు ఊసే ఎత్తలేదు.

శరత్కాలంలో, కనుమ ఎక్కుతుండగా, ఎడమకంట్లో నల్లటి దారాలు ఆడాయట. ఆ తర్వాత ఎర్రటి తెర దిగింది. ముందు సీట్లో ఉన్న నాకు ఆయన ఎడమకన్ను నులుముకోవడం మాత్రమే కనిపించింది. బండిని మెల్లగా పక్కకు తీసి ఇంజను ఆపాడు.

"దిగండి. నేనింక నడపను."

"ఈ చలిలో దించేస్తావా? చస్తాం!" అని ఒక ముసలాయన అరిచాడు.

"నడిపితే లోయలో చస్తారు తాతా."

తాగి ఉన్నాడంటూ ఒకావిడ ఉమ్మేసింది. బావ దిగి వెనక వచ్చే బళ్ళను ఆపి అందరినీ ఎక్కించి పంపాడు.

అక్కా నేనూ ఆయన్ను మళ్ళీ నాజిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఎడమకన్ను నిండా రక్తమే, ఫొటోలో ఏమీ పడలేదు. ఆపరేషన్ చేసినా వెనక పొర ఊడిపోయింది, ఆ కంటికి ఇక చూపు రాదన్నారు. కుడికంట్లోనూ అవే నాళాలు తేలాయి. లేజరు కొట్టారు, కంట్లోకి సూది వేశారు. నాళాలు ఎండిపోయాయి. చివరికి ఆ కంటికి ఎదురుగా ఉన్నది కొంచెం కనిపిస్తుంది, పక్కన ఏదీ ఆనదు.

"నడపొచ్చా?" అని బావ నాజిక్‌ను అడిగాడు.

"కూడదన్నా."

"పగటిపూట? ఖాళీ బండి?"

"ఎప్పటికీ వద్దన్నా."

తిరుగు ప్రయాణంలో అక్క ఆయన్ను బస్సు కిటికీ పక్కన కూర్చోబెట్టింది. కనుమ మలుపుల్లో వాంతి చేసుకున్నాడు. ఆ దారిలో ఆయనకు అలా కావడం అదే మొదటిసారి.

అక్క ఆయన గడ్డం తుడుస్తుంటే, "కాలి కింద బ్రేకు లేదు బూరుల్" అన్నాడు.

 ఊరొచ్చేదాకా ఆయన కళ్ళు తెరవలేదు.