పదమూడో తరగతిలో కొంగ

పోయిన గురువారం పొద్దున మా పక్కింటి పటాకుల మామ పోయారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. గోడ అవతలి నుంచి అత్త "బిడ్డా, మామ లేస్తలేడు, జెర్ర అచ్చి సూడు" అని పిలిచినప్పుడు నేను ఫోనులో ఆయన ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్నాను. కొన్ని నెలలుగా మొహం కూడా కడుక్కోకుండా ఆ పేజీ తెరవడం నాకు అలవాటైంది. ఆ రోజు కూడా అక్కడ అదే మాట ఉంది: అభ్యంతరం వచ్చింది. పేజీ మూయకుండానే పరుగెత్తాను.

ఆయన మాకు బంధువు కాదు. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద నిజామాబాద్ వైపు నుంచి నాందేడ్ వచ్చినప్పుడు, పక్కింట్లో తెలుగు వినపడిందని మా అమ్మ సంబరపడిందట. అప్పటి నుంచి ఆయన మామ, ఆవిడ అత్త. వాళ్లకు పిల్లలు లేరు. ఉమ్రి దారిలో, ఊరి బయట, లైసెన్సు ఉన్న చిన్న షెడ్డులో మామ చిచ్చుబుడ్లు చేయించేవారు. ఎర్ర కాగితం మీద ఒంటికాలితో నిలబడ్డ తెల్ల కొంగ వాటి గుర్తు. మా దగ్గర గుర్తును ఛాప్ అంటారు. చదువు రానివాళ్లు కూడా దుకాణంలో వేలు చూపించి "కొంగ ఛాప్" అని అడిగి కొనుక్కునేవారు.

మామకు భయం ఎక్కువ. షెడ్డుకు జేబుల్లేని చొక్కా వేసుకుని పోయేవారు. మేకులున్న చెప్పులు గేటు దగ్గరే విడిచేవారు. ఫోను బయట సైకిలు సంచిలో పెట్టేవారు. ఇంట్లో గ్యాసు కట్టేసి ఉందో లేదో మూడుసార్లు చూసేవారు. అత్త నవ్వితే, "భయమున్నోడే ఈ దంద జెయ్యాలె. భయం లేనోడు మిఠాయి దుకాణం వెట్టుకోవాలె" అనేవారు. కాన్వెంటులో సిస్టర్లు నన్ను గట్టిగా మాట్లాడమని పదేళ్లు చెప్పారు. భయాన్ని మెచ్చుకుంటూ నేను విన్న మాట మాత్రం ఈయన దగ్గరే.

ఒక ఏడు వానకు షెడ్డు కురిసి ఒక వరస సరుకు తడిసింది. మామ ఆ మొత్తాన్ని నీళ్ల తొట్టిలో ముంచేయించారు.

"ఎండల వెడితె ఆర్తయి గద," అంది అత్త.

"ఆర్తయి. ఆరినంక ఎట్ల కాల్తయో ఎవనికి ఎర్క? నువ్వు ముట్టిస్తవా?"

ఆ దీపావళికి ఇంట్లో కొత్త బట్టలు లేవు.

కిందటేడు పండగ ముందు ఉమ్రి దగ్గరి పల్లె నుంచి ఒకామె కూతురిని తీసుకుని వచ్చింది. పిల్ల కుడి చేతికి కట్టు ఉంది. ఆమె ఒక చిచ్చుబుడ్ల పెట్టె తెచ్చి మామ ముందు పెట్టింది.

"నీ కొంగను జూసే కొన్న గదయ్యా. ముట్టియ్యంగనె ఢామ్మని వలిగింది."

నేను అప్పుడు అత్తకు కరెంటు బిల్లు కట్టిపెట్టి వరండాలోనే ఉన్నాను. ఆ పెట్టె మీది కొంగ రెండు కాళ్లూ నేల మీద ఆనించి ఉంది. ఎర్ర రంగు మాత్రం అచ్చం మనదే. లోపలి నుంచి అత్త అరిచింది: "మనది గాదని చెప్పుండ్రి!"

మామ పెట్టెను తిప్పి తిప్పి చూశారు. "ఆమెకు కొంగ కొంగనే. కాళ్లు లెక్కవెట్టి కొంటదా?" అన్నారు. లేచి చొక్కా వేసుకుని వాళ్లను దవాఖానకు తీసుకుపోయారు. ఆ చెయ్యి మానేదాకా కట్టు మార్పించడానికి ఆయనే తోడుపోయారు. వేళ్లన్నీ కదులుతున్నాయని డాక్టరు చెప్పిన రోజు నాకొక పెన్ను కొనిచ్చారు.

"నువ్వు ఇంగ్లీషు సదివినవు గద బిడ్డా. ఈ కొంగ నాదని సర్కారు కాగజ్ మీద ఎక్కియ్యాలె. లేకుంటె ఇంకో పిల్ల చెయ్యి కాల్తది. నా పేరు మీద కాల్తది."

నేను డిగ్రీ అయిపోయి ఇంట్లో చదువుకుంటున్నాను. ఫారాలు నింపడం మనుషులతో మాట్లాడటం కంటే సులువనుకున్నాను. కంప్యూటరు ముందు మామ, నేను పక్కపక్కన కూర్చున్నాం. ట్రేడ్‌మార్క్ ఫారంలో సరుకులను తరగతులుగా విడదీసి ఉంచుతారు. బాణసంచాది పదమూడో తరగతి. ఆ తరగతిలో ఇంకేమున్నాయో చదివి తెలుగులో చెప్పాను: తుపాకులు, మందుగుండు, పేలుడు పదార్థాలు, బాణసంచా.

మామ కుర్చీ వెనక్కి జరిపారు. "తుపాకుల పక్కన నా చిచ్చుబుడ్లా? రేపు పోలీసోళ్లు ఇంటికి అస్తె ఏం జెయ్యాలె?"

"అది వరస మాత్రమే మామా."

"మా దందల పర్మిషన్ ముందు, పని ఎన్క. గీడ ఏం అడుగుతుండ్రు?"

ఆ గడిలో ఈ గుర్తును ఎప్పటి నుంచి వాడుతున్నారని ఉంది. ముప్పై ఏళ్లుగా వాడుతున్న మనిషి నా వైపు చూడకుండా, "ఇప్పటిదాక వాడలేదని రాయి. పర్మిషన్ అచ్చినంక వాడ్తనని రాయి" అన్నారు. మందుగుండు పనిలో లైసెన్సు రాకముందు ఏది చేసినా నేరమే. ఒక చిటికెడు మందు నూరినా కేసే. అన్నేళ్లు ఆ లెక్కనే బతికిన మనిషికి గుర్తు కూడా అలాంటిదే అనిపించింది. ఈ గడి అంత చిన్నది కాదేమోనని నాకు అనుమానం వచ్చింది. అడగాలంటే నోరు రాలేదు. 'ఇకముందు వాడదలచాను' అన్న దగ్గర నొక్కాను.

దరఖాస్తు ట్రేడ్‌మార్క్ ఆఫీసు పరిశీలన దాటింది. కొంగ బొమ్మ వాళ్ల పత్రికలో అచ్చయింది. నాలుగు నెలల్లోపు ఎవరూ వద్దనకపోతే గుర్తు మామదే. నేను క్యాలెండరులో రోజులు కొట్టేసుకుంటూ వచ్చాను. చివరి వారంలో అభ్యంతరం వచ్చింది. రెండు కాళ్ల కొంగ అమ్మే వ్యాపారి ఐదేళ్లుగా ఈ గుర్తు తనదేనని, దరఖాస్తుదారు దీన్ని ఇంకా వాడనే లేదని స్వయంగా ఒప్పుకున్నాడని రాసి పంపాడు. ఆ వాక్యం నేను మామకు చదివి వినిపించలేకపోయాను. కాగితం చేతికిచ్చాను. ఇంగ్లీషు రాని ఆయన దాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు.

మేం వెళ్లిన వకీలు తెలుగు వచ్చినవాడే. అంతా విని తల పట్టుకున్నాడు. "కాకా, ఇది మందుగుండు లైసెన్సు గాదు. గీడ ముందుగల్ల వాడినోనిదే జోరు. నీ బలాన్ని నువ్వే కొట్టేసుకున్నవ్."

"ముప్పై ఏండ్లు పర్మిషన్ లేకుండ వాడిన అని ఇప్పుడు రాసిస్తె, షెడ్డు లైసెన్సు గుంజుకోరా?"

"దానికి దీనికి సంబంధమే లేదు కాకా. తప్పు జరిగిందని ప్రమాణపత్రం ఇద్దాం. ఒప్పుకుంటరో లేదో నేను చెప్పలేను. జవాబుకు రెండు నెలలే టైం. పాత రుజువులు ఏమన్నా ఉన్నయా?"

రుజువులు లేవు. పటాకుల షెడ్డులో చిత్తు కాగితం ఉంచకూడదు. పండగ కాగానే మిగిలిన లేబుళ్లు, బిల్లులు మామ ఏటా తగలబెట్టించేవారు. ఆయన జాగ్రత్తే ఆయన దగ్గర ఏమీ మిగల్చలేదు. ఆ రెండు నెలలూ నేను సంత దుకాణాలన్నీ తిరిగాను. నాయ్‌గావ్‌లో ఒక పాత దుకాణదారు దగ్గర రెండు బిల్లులు దొరికాయి. అవీ చెదలు కొట్టినవి.

చివరికి అసలు రుజువు మా ఇంటి అటక మీద దొరికింది. ఐదో తరగతిలో నేను సైన్సు నోటుబుక్కు అట్ట మీద కొంగ లేబుల్ అంటించుకున్నాను. దాని కిందే సిస్టర్ ఎర్ర సిరాతో, ఇలాంటివి అంటించరాదు అని రాసి, సంతకం చేసి, తేదీ వేశారు. ఆ వ్యాపారి చెప్పే ఐదేళ్ల కంటే ఎంతో వెనకటి తేదీ. వకీలు ఆ పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. మామ మాత్రం, "గప్పుడు దెబ్బలు తిన్నవా బిడ్డా?" అని అడిగారు. గోడ కుర్చీ వేయించారని చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది.

ప్రమాణపత్రం మీద సంతకం చేసే రోజు ఆయన నేను ఇచ్చిన పెన్ను అందుకున్నారు. వకీలు చదివి తెలుగులో చెబుతున్నాడు: పొరపాటున అలా నమోదైంది అని. మామ పెన్ను కింద పెట్టేశారు.

"పొరపాటున గాదు. నేను భయపడి అబద్ధం చెప్పిన. ఈ పిల్ల నేను చెప్పిందే రాసింది. గట్ల రాయి."

"అంత అవసరం లేదు కాకా."

"నాకు అవసరం."

బయటికి వచ్చాక, నేను ఆ రోజు అడగాల్సిందని అన్నాను. "అడిగినా నేను ఇనేటోన్నా?" అన్నారు మామ. కొంచెం దూరం నడిచాక, "అయినా అడగాలె బిడ్డా. ఇననోన్ని గూడ అడగాలె" అన్నారు. ఆయన నన్ను మందలించింది అదొక్కసారే. మెత్తగా, రోడ్డు దాటుతూ, నా మోచెయ్యి పట్టుకుని.

ఇప్పుడు ఆయన లేరు. నిర్ణయం రాలేదు. వకీలు నాన్నకు ఫోను చేసి, వారసుల పేరు ఎక్కించకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుందని, దీపావళికి ఆ రెండు కాళ్ల కొంగే అన్ని సంతల్లో ఉంటుందని చెప్పాడు. చావు జరిగిన ఇంటికి వకీలు పంపిన కాగితాలు పట్టుకుపోవడానికి నాకు సిగ్గేసింది. నిన్న గేటు దగ్గర నిలబడి, తిరిగి వచ్చేద్దామనుకున్నాను. అత్తే చూసింది.

"గా చేతుల ఏంది? తే ఇటు."

చాప మీద కూర్చుని ఒక్కో వాక్యం చదివాను. చదివిన ప్రతిసారీ ఆగి, "ఇది నిజమేనా అత్తా?" అని అడిగాను. భర్త పేరు దగ్గర అత్త తల ఊపింది. వాడటం మొదలైన సంవత్సరం దగ్గర నన్ను ఆపింది.

"నిజమే. నా పెండ్లైన రెండో యేడు. మొదటి కొంగను అంటిచ్చింది నేనే, మైదా గంజితోని. వంకర పోయిందని మామ నవ్విండు."

ఆ మాట నాకెప్పుడూ ఎవరూ చెప్పలేదు. అది కూడా కాగితంలో ఉండాలనుకుని అంచున రాసుకున్నాను. వేలిముద్ర కోసం సిరా డబ్బా తెరిచి ముందు పెట్టాను. అత్త దాన్ని పక్కకు నెట్టింది.

"పెన్ను ఇయ్యి. బచత్ గట్‌ల, గదే పొదుపు సంఘంల, ఆడోళ్లందరికి సంతకం నేర్పుతుండ్రు. నెల రోజులైంది వోవట్టి. మామకు చెప్దామనుకున్న, చెప్పలె."

మరాఠీ అక్షరాల్లో ఒక్కొక్కటే దింపుతూ తన పేరు రాసింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. మూడో అక్షరం దగ్గర పెన్ను ఎక్కువసేపు ఆనించడంతో సిరా ముద్దయింది. ఫ్యాను గాలికి కాగితం అంచు లేస్తోంది. కట్టేద్దామని నేను లేవబోతే అత్త వద్దంది. సిరా ఆరేదాకా రెండు చేతులూ ఆ పేరుకు అటూ ఇటూ అడ్డంగా పెట్టి, కదలకుండా కూర్చుంది.