టైర్లకు పట్టించిన పాలిష్

టైర్ల దుకాణంలో అందరూ ఆమెను కొలతలక్క అనేవారు. చక్రాలు సరిచేసే పనిలో పందొమ్మిదేళ్ళుగా ఉంది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఎడమ ముందు చక్రం బయటికి చూస్తోంది" అనేది. మెషీను తర్వాత ఔననేది.

అంత నెమ్మదస్తురాలికీ ఒక్క పిచ్చి ఉంది. ఊరి బయట మైదానంలో ఏడాదికోసారి జరిగే ఆటోక్రాస్. ప్లాస్టిక్ కోన్లు పేర్చిన దారిలో ఒక్కో కారూ ఒంటరిగా మెలికలు తిరిగి రావాలి. ఒక్కొక్కరికి రెండు పరుగులు, మెరుగైనదే లెక్క; తక్కువ సెకన్లలో వచ్చినవాళ్ళదే గెలుపు. దానికోసం ఇంట్లోని పాత చిన్న కారును ఎనిమిది నెలలు సిద్ధం చేసింది. బరువు తగ్గాలని వెనక సీటు విప్పింది. మలుపుల్లో పట్టు చిక్కాలని ముందు చక్రాల పైభాగం కాస్త లోపలికి వాలేలా సర్దింది. టైరు అంచున సుద్దగీతలు గీసి, మలుపులు తిప్పి, గీత ఎంత చెరిగిందో చూసుకుంటూ గాలి ఎంతుండాలో తేల్చుకుంది.

అన్నాళ్ళూ బస్సులో నిలబడి ఆఫీసుకు పోయిన భర్తకు విసుగెత్తింది. పాపం, ఆయన బాధా అబద్ధం కాదు.

"ఈ ఒక్కసారే. మొదటి పదిమందిలో వచ్చావా, కారు నీది. రాలేదా, సీటు బిగించి తాళాలు నాకిచ్చెయ్. మళ్ళీ ఆ ఊసెత్తకు."

"సరేనండి" అంది.

పోటీ రోజు, దేవుడికి దణ్ణం పెట్టుకుని, అందరితోపాటు కోన్ల దారిని కాలినడకన చూసుకోవడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కారు తళతళలాడుతోంది. భర్త చొక్కా చేతులు మడిచి, గుడ్డ పిండుతున్నాడు.

"నలుగురిలోకి పోతోంది కదా, మురికిగా ఎందుకని."

ఆయన ఆ కారు మీద ప్రేమగా చెయ్యి వేయడం అదే మొదలు. అంతలో ఆమె నంబరు పిలిచారు.

మొదటి మలుపులోనే కారు సబ్బు మీద కాలేసినట్టు జారింది. మూడు కోన్లు పడ్డాయి. కోనుకు రెండు సెకన్లు కలుపుతారు. రెండో పరుగుకు ఆమె గుండె బెదిరిపోయింది. చివరి మలుపు దాకా బిక్కుబిక్కుమంటూ నడిపింది. టైర్లు మళ్ళీ నేలను పట్టుకున్నాయని ఆ మలుపులోగానీ తెలియలేదు. పన్నెండో స్థానం.

కోన్లు ఏరే పెద్దాయన గొడుగు నీడలోకి పిలిచి మంచినీళ్ళిచ్చాడు. తాగి వచ్చి, టైరు మీద వేలు రాసింది. గాడుల్లో ఇంకా జిడ్డుంది.

"దీనికేం పూశారండీ?"

"పాలిష్. బండిని కొంచెం కొంచెం తోసుకుంటూ, నేలకానే చోట కూడా వదలకుండా పట్టించా."

"దానివల్లే జారింది."

"అంటే తప్పు నాదా? నడుం పడిపోయేలా తుడిస్తే నాకు దక్కింది ఇదా?"

"మీరు మంచికే చేశారండి. ఇంకొక్కసారి..."

"పది అనుకున్నాం. పన్నెండొచ్చింది. మాట మాటే."

మర్నాడు సీటు బిగించి, తాళాలు ఆయన చేతికిచ్చింది.

ఆ వారంలోనే, పోటీలో మూడోవాడిగా వచ్చిన కళ్ళజోళ్ళ షాపతను తన కారు తెచ్చాడు.

"అక్కా, చివరి మలుపులో నీ కారు తిరిగిన తీరు చూశా. నాదీ అలాగే సర్దిపెట్టవా? వచ్చే ఏడు నీతో పోటీపడాలిగా."

"నేను రాను నాయనా. కారు ఆయన ఆఫీసుకు తీసుకెళ్తున్నారు."

"అయ్యో. పోనీ, చూడ్డానికైనా రాక్కా. నీకు కుర్చీ వేయిస్తా."

నిజంగా వేయించే మనిషే. ఆమె అతని కారు కిందికి దూరి, ఎనిమిది నెలలు వెతికి పట్టుకున్న కొలతకే నట్టు బిగించింది.