ఐగుప్తు కళ్ళు

మా మేనమామ నెహెమ్యా యానాంలో గోడల మీద అక్షరాలు రాసి బతికాడు. దుకాణాల పేర్లు, ఎన్నికల గుర్తులు, చర్చి బోర్డులు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్ళు లేకపోయారు. 2006లో కనకాలపేటలో ఒక చిన్న కార్ఖానాలో చేరాడు. అక్కడ రాయిలా గట్టిపడే స్టోన్‌వేర్ మట్టితో అలంకరణ పళ్ళేలు చేసి ఫ్రాన్సుకు పంపేవారు. వాటి మీద పాత ఈజిప్టు బొమ్మలు: డేగ తల దేవుడు, నక్క తల దేవుడు, తామరపువ్వు పట్టుకున్న రాణి. తినడానికి కాదు. కొన్నవాళ్ళు ఒక్కొక్కటే పోగుచేసి గోడకు తగిలించుకోవడానికి.

మావయ్యకు అది ఈజిప్టు కాదు, బైబిల్లోని ఐగుప్తు. ఆయన చర్చిలో సంఘపెద్ద. రెక్కలు, నగలు, ముక్కు అన్నీ గీసేవాడు గానీ కన్ను పెట్టేవాడు కాదు. కన్ను పెడితే విగ్రహమవుతుందని ఆయన నమ్మకం. ఆ పని పక్కన కూర్చునే వెంకటరాజుది.

"ఇయ్యాల ఎంతమంది గుడ్డోళ్ళని తోలావు పెద్దయ్యా? నాకేం, మాకున్న దేవుళ్ళలో ఈళ్ళూ కలుత్తారు," అని నవ్వేవాడు.

"ఉత్త పళ్ళెం కదా మావయ్యా," అని నేను వాదించాను.

"నువ్వు చదివేవాడివిరా. గీసేవాణ్ణి నేను."

వర్షాకాలంలో మెట్టకూరు దగ్గర బండి జారి వెంకటరాజు కుడిచెయ్యి విరిగింది. ఆ వారం నేను క్యారేజీ తీసుకెళ్ళేసరికి అరల నిండా కళ్ళులేని పళ్ళేలున్నాయి. సూపర్‌వైజర్ భాస్కరరావు మావయ్య ముందు నిలబడి ఉన్నాడు.

"సాయంత్రానికి బట్టీ పేర్చేయాలండీ. ఇలాగే పంపితే ఫ్రాన్సోడు మన కళ్ళు పీకుతాడు. మీవల్ల కాదంటే చెప్పేయండి, ఇంకోళ్ళని చూసుకుంటాం."

మావయ్య కబురు చేస్తే వెంకటరాజు కట్టుతోనే వచ్చాడు. ఎడంచేత్తో ప్రయత్నించాడు. రాణికి మెల్లకన్ను వచ్చింది.

"అమ్మగారు నన్నే చూత్తంది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మావయ్య తడిగుడ్డతో ఆ కన్ను తుడిచేసి కుంచె అందుకున్నాడు. అన్నం ముట్టలేదు, సాయంత్రం దాకా తల ఎత్తలేదు. కళ్ళు భలే కుదిరాయని భాస్కరరావు మెచ్చుకున్నాడు. అంతకన్నా పెద్ద తిట్టు నేను వినలేదు.

ఈ సంగతి చర్చిలో ఎవరికీ తెలియదు. ఆదివారం, పాపం మనసులో ఉన్నవాళ్ళు ముట్టకూడని ప్రభురాత్రి భోజనంలో రొట్టె వచ్చినప్పుడు మావయ్య చెయ్యి చాపలేదు. పక్కనున్న ఆయన భార్య విజయకుమారత్త మోచేత్తో పొడిచింది. పాస్టరుగారు ద్రాక్షరసం పట్టుకుని వంగారు.

"ఏం నెహెమ్యాగారూ, ఒంట్లో బాలేదా?"

"బానే ఉందండి. ఫ్యాక్టరీలో ఆ ఆర్డరు అయ్యేదాకా నాకొద్దండి."

"ఎప్పటికవుద్ది?"



"ఫ్రాన్సోళ్ళు ఇంకో సెట్టు అడుగుతున్నారంటండి."