పెద్దనాయన దగ్గలేదు

మొన్న ఆదివారం బెంగళూరులో నా గదిలో పడుకొని ఫోనులో క్రికెట్ చూస్తా ఉంటే, పక్క గదిలో పిల్లోడు గోడ అదిరేలా అరిచినాడు. నా ఫోనులో బౌలరు ఇంకా బంతిని ప్యాంటుకు రుద్దుకుంటానే ఉన్నాడు. ఈ బంతికి వికెట్టు పడుతుందని నాకు తెలిసిపోయింది, వేసే మనిషికి తెలీదు. పాపం అనిపించింది. పక్కగది వానికి వైఫై, నాకు సిమ్ము డేటా. ఆట ఒకటే అయినా వానికి ముందు జరుగుతుంది, నాకు వెనక జరుగుతుంది. ఇట్లాంటప్పుడు మామూలు మనుషులు పోయి తలుపు కొట్టి నాలుగు మాటలు అనొస్తారు. నేను మాత్రం ఫోను బోర్లా పెట్టి, ధర్మవరంలో మా పెరటి నడుమ ఉండే గోడను తలుచుకుంటా పడుకున్నాను.

ఆ గోడ గురించి చెప్పాలంటే ముందు నెమళ్ల గురించి చెప్పాల. మా నాయన, మా పెద్దనాయన ఇద్దరూ పట్టుచీరలు నేసేవాళ్లే. అప్పట్లో ఒకే ఇల్లు, ఒకే వసారా, పక్కపక్కన రెండు గుంత మగ్గాలు. ఒకసారి ఇద్దరూ ఒకే రకం నెమళ్ల అంచు నేసినారు. కొనే సావుకారి రెండు చీరలూ ఒళ్లో పరుచుకొని, తమ్ముడిది ఒక పిసరు బాగుందన్నాడు. అని, కాఫీ తాగి, చెప్పులేసుకొని పోయినాడు. ఎవరిది చూసి ఎవరు నేసినారనే విచారణ ఆ సాయంత్రమే మొదలయింది. అది తేలలేదు గాని ఇల్లు రెండయింది, పెరట్లో గోడ లేచింది, అన్నదమ్ములకు మాట నిలిచిపోయింది. ఆ అంచు ఫోటో మా అమ్మ దగ్గర ఇప్పటికీ ఉంది. ఎన్నిసార్లు చూసినా ఆ నెమళ్లు నాకు కోళ్ల మాదిరే కనపడతాయి. ఈ అభిప్రాయాన్ని రెండు ఇండ్లలోనూ చెప్పినాను. ఆ రోజు రెండు ఇండ్లలోనూ నాకు ఎవరూ అన్నం పెట్టలేదు.

మాట నిలిచిపోయినా పోటీ నిలిచిపోలేదు. పొద్దున ఎవరి మగ్గం ముందు మోగితే వాళ్లు గెలిచినట్లు, సాయంత్రం ఎవరిది ముందు ఆగితే వాళ్లు ఓడినట్లు. అవతల చప్పుడు ఆగేదాకా మా నాయన గుంతలోంచి కాళ్లు బయటికి తీయడు. అమ్మ తెచ్చిన టీ మీద పొర కట్టేది. అవతల మా పెద్దమ్మ తెచ్చిన టీ గతి కూడా అదేనని మాకు తెలుసు, ఎందుకంటే ఆడోళ్లిద్దరూ వీధి వాకిలి గుండా రోజూ పోతా వస్తానే ఉన్నారు. నేనూ అంతే. ఆ గోడ ఇద్దరు మనుషులకు మాత్రమే వర్తిస్తుంది. అంత తక్కువ మంది కోసం అంత ఇటుక వాడిన కట్టడం మా వీధిలో ఇంకోటి లేదు.

పెద్దనాయన మా వంశంలోకల్లా పొడుగు. అనంతపురంలో కాలేజీ చదివేటప్పుడు బాస్కెట్‌బాల్ ఆడినాడు. ఒక మ్యాచ్ ఆఖర్లో ఆయనకు రెండు ఫ్రీ త్రోలు వచ్చినాయంట, రెండూ పోయినాయంట. ఆట వదిలేసి మగ్గంలో కూర్చున్నాడు గాని, ఆట ఆయన్ను వదల్లేదు. అమెరికా లీగు ఆటలు మనకు పొద్దున్నే వస్తాయి. ఫోనును మగ్గం గుంజకు ఆనించి, ఒక కన్ను జరీ మీద, ఒక కన్ను ఆట మీద పెట్టి నేస్తానే చూసేవాడు. నాకు ఈ పిచ్చి అంటించింది ఆయనే. ఫౌల్ అయిన ఆటగాన్ని గీత దగ్గర నిలబెట్టి, ఎవరూ అడ్డం రాకుండా తీరిగ్గా వేసుకోమంటారు, అదే ఫ్రీ త్రో. ఇంతకన్నా సుళువు ఏముంటుందని ఒకసారి నవ్వినాను. ఆయన పోగు తిప్పే నాడె పక్కన పెట్టినాడు.

“అడ్డం ఎవుడన్నా ఉంటే వాని మీద కోపంతోనన్నా ఎగురుతావురా. ఎవుడూ లేనప్పుడే చేతులు మనవి కాకుండా పోతాయి.”

ఆయన మెచ్చే అమెరికా జట్టులో ఒక ముసలోడు ఉన్నాడు. ముసలోడంటే ఆ ఆట లెక్కన ముసలోడు, మన లెక్కన పెండ్లికి సంబంధాలు చూసే వయసు దాటి కొన్నాళ్లే అయింటుంది. వేళ్లకు పట్టీలు, మోకాలికి తొడుగు, మొగంలో నవ్వనేది ఉండదు. కింద పడితే లేచి వెనక్కి పరిగెత్తుతాడు గాని రెఫరీ మొగం చూడడు. పెద్దనాయన సిద్ధాంతమంతా దాని మీదే నిలబడింది: పడినోడు రెఫరీ వైపు చూసినాడంటే వాని పని అయిపోయినట్లే. నేను కావాలనే ఎదుటి జట్టును పట్టుకున్నాను. వాళ్లంతా కుర్రోళ్లు, నవ్వుతా ఆడతారు, పడితే రెఫరీనే కాదు, కెమెరాను కూడా చూస్తారు. ఓడినా గెలిచినా వాళ్లందరికీ జీతాలు వస్తాయి పెద్దనాయనా, నిక్కర్లేసుకున్న మనుషుల కోసం మనం పండ్లు కొరుక్కునేది ఎందుకని అడిగేవాన్ని. అడిగి, నా జట్టు ఓడిన రోజు పగలంతా ముసుగుతన్ని పడుకునేవాన్ని.

ఆట రోజు మాత్రం ఎవరి గోడ వాళ్లది. నేను మా పక్క మెట్టు మీద కూర్చుంటే, నా వెనక మా నాయన మగ్గం, గోడ అవతల ఆయన మగ్గం. ఆయనకు వైఫై. నా ఫోనులో బంతి చేయి దాటకముందే దాని ఫలితం గోడ దాటి వచ్చేది. ఆయన అరిచే మనిషి కాదు. బంతి పడితే ఒక దగ్గు, తప్పితే రెండు. ఆ దగ్గుల్ని పట్టి నేను ముందే సంతోషించి, తరువాత ఆట చూసేవాన్ని. మా నాయనకు ఇవేవీ పట్టవని నా నమ్మకం. గాలి నింపిన తోలుసంచిని గంపలో వేసే దానికి ఇంత కత ఏమప్పా అని ఒకసారి అన్నాడు, అంతే.

ఒక ఎండాకాలం పెద్దనాయనకు గుండెలో నొప్పి వచ్చింది. అనంతపురం ఆస్పత్రిలో పెట్టినారు. అమ్మ పోయింది, నేను పోయినాను, నాయన పోలేదు. అయితే అవతల మగ్గం మోగనన్నాళ్లూ ఇవతల మగ్గం కూడా మోగలేదు. నడుము పట్టుకుందన్నాడు. ఎదుటి జట్టు రాకుండా ఆడడం ఆయనకు చేతకాదు. డాక్టరు పెద్దనాయనకు టెన్షన్ పడొద్దని చెప్పినాడు. అంటే ఫైనల్ చూడగూడదా సార్ అని ఈయన అడిగినాడు. డాక్టరు ఏ పరీక్ష ఫైనలో అనుకొని, పిల్లలది పిల్లలే చూసుకుంటారులెండి అన్నాడు. ఇంటికొచ్చిన మూడోనాటికి అవతల మగ్గం మోగింది. ఇవతల నడుము నొప్పి మాయమయింది.

ఫైనల్లో ఆఖరి ఆట. నా కుర్రోళ్లు, ఆయన ముసలోడు, చెరి సమానంగా గెలిచి వచ్చినారు. పెద్దమ్మ గోరంట్లలో చెల్లెలింటికి పోయింది, అవతల ఆయనొక్కడే. తెల్లారినప్పటినుంచి ఆషాఢం గాలి, పెరట్లో రేకులు దడదడమంటా ఉన్నాయి. నాకు ఇష్టం లేకపోయినా చెప్పాల, ముసలోడు ఆ రోజు ఆడిన ఆట ఆట. మా కుర్రోని మోచేయి తగిలి పెదవి చిట్లింది. టవలుతో తుడుచుకొని, ఆ టవలు ఎవరికో ఇచ్చి వచ్చినాడు. నడవలేక నడుస్తాడు, బంతి చేతికొస్తే మాత్రం పరిగెత్తుతాడు. మా పెద్ద ఆధిక్యం కరిగి కరిగి ఒక్క పాయింటుకు వచ్చింది. అవతల మగ్గం వేగం పెరిగింది. మా నాయన మగ్గం కూడా దానికి తగినట్లే పెరిగింది, ఆయన ఏమీ వినడంలేదు కదా. ఆఖరి క్షణాల్లో ముసలోన్ని మా వాడు పట్టి లాగినాడు. ఫౌల్. రెండు ఫ్రీ త్రోలు. ఒకటి పడితే సమం, రెండూ పడితే దాదాపు కప్పు.

ముసలోడు గీత దగ్గరికి నడిచినాడు. నా ఫోనులో వాడు ఇంకా బంతిని నేలకు కొడతాండాడు, అంటే అవతల ఇప్పటికి తేలిపోయి ఉండాల. నేను చెవి గోడకు పెట్టినాను. దగ్గు లేదు. ముసలోడు చేతులెత్తినాడు, వేసినాడు, బంతి రింగు అంచుకు తగిలి బయటికి పోయింది. రెండు దగ్గులు రావాల్సింది, ఎప్పుడో రావాల్సింది. రాలేదు. అప్పుడు గమనించినాను, అవతల మగ్గం కూడా ఆగిపోయింది. గాలి, రేకుల చప్పుడు, అంతే. నా వెనక మా నాయన మగ్గం ఇంకొక్కసారి మోగి ఆగింది. పగటిపూట అవతలిదానితో పాటే అది ఆగడం నేను ఎప్పుడూ వినలేదు.

“వాడు మొదటిది ఎప్పుడూ పోగొడతాడు,” అన్నాడు నాయన మెల్లగా. “మీ పెద్దనాయన దగ్గల్యా.”

నేను తిరిగి చూసేసరికి ఆయన గుంతలోంచి బయటికి వచ్చేసినాడు. వీధి గుండా పోతే నాలుగు అడుగులు ఎక్కువ, అంతే. ఆయనకు ఆ నాలుగు అడుగులకు కూడా ఓపిక లేదు. పంచె ఎగగట్టి, నీళ్ల తొట్టి మీద కాలు పెట్టి, ఆ వయసులో గోడెక్కినాడు. అవతల బట్టలుతికే బండ మీద పడిన చప్పుడు వచ్చింది. నేను ఫోను జేబులో వేసుకొని వెనకే దూకినాను. రెండో ఫ్రీ త్రో నా జేబులో జరిగిపోయింది.

పెద్దనాయన మగ్గంలోనే ఉన్నాడు. కాళ్లు గుంతలో, ముక్కు ఫోనుకు ఆనించి, ఊపిరి బిగబట్టి చూస్తాండాడు. తెర మీద ముసలోడు బంతి పట్టుకొని రాయి మాదిరి నిలబడిపోయినాడు, వాని మొగం మీద ఒక గుండ్రం తిరుగుతాండాది. వైఫై చచ్చింది. మా పెద్దనాయన దాన్ని చూస్తానే కూర్చున్నాడు, కన్ను తీస్తే బంతి పోతుందేమోనని. అలికిడికి తలెత్తినాడు. గడపలో మా నాయన, మోకాలు చెక్కుకుపోయి, ఎగపోసుకుంటా. ఇద్దరికీ నడుమ ఎవరూ అడ్డం లేరు. నేను కూడా పక్కనే ఉన్నాను.

“వేసినాడా?” అన్నాడు పెద్దనాయన.

“మొదటిది పోయింది అన్నా.”

“రెండోది?”

“చూడల్యా.”

పెద్దనాయన ఆ మోకాలి వైపు కొంచేపు చూసినాడు. “ఇంత గోడ దూకినోనివి, ఇంకొక్కటి చూసి రాగూడదా?”

నాయన గుంత గట్టు మీద కూర్చున్నాడు. నేను జేబులోంచి ఫోను తీసినాను. స్కోరు సమం, అదనపు ఆట, అంటే ఓవర్‌టైం. ముసలోడు రెండోది వేసినాడన్నమాట. ముగ్గురం తలలు ఆనించి చూసినాము. ఆ పొడుగోన్ని బయటికి పిలవమను, వానికి ఊపిరి ఆడల్యా అని మా నాయన కోచ్‌కు సలహా కూడా ఇచ్చినాడు. తోలుసంచీ, గంపా ఎటుపోయినాయో. ఓవర్‌టైంలో నా జట్టు గెలిచింది. నేను ఒక్క మాట మాట్లాడలేదు. అంత గట్టి గుండె నాకుందని నాకే తెలీదు. ముసలోడు మా కుర్రోళ్లందరికీ చేయిచ్చి, రెఫరీ వైపు చూడకుండా లోపలికి పోయినాడు. పెద్దనాయన రెండుసార్లు దగ్గినాడు.

లేచేముందు నాయన మగ్గం మీది చీర అంచు నిమిరినాడు. మళ్లీ అవే నెమళ్లు. మెడ ఇంకొంచెం వంచింటే బాగుండేదన్నాడు.

“నువ్వు వంచినావు గదా,” అన్నాడు పెద్దనాయన, “కోళ్లయినాయి.”

మా నాయన నవ్వినాడని నేను చెప్పను. ముక్కులోంచి కొంచెం గాలి వచ్చింది.

వాటేసుకోవడాలు జరగలేదు, గోడ పడగొట్టలేదు. పోయేటప్పుడు వీధి వాకిలి గుండా పోయినాడు, అది చాలు. మరుసటి రోజు పొద్దున మగ్గాలు మళ్లీ పందెం కట్టినాయి. తేడా అల్లా వైఫై పాస్‌వర్డ్ గోడ దాటి రావడమే. ఇప్పుడు ఫోనులో ఆట ఆగితే రెండు పక్కలా ఒకేసారి ఆగుతుంది, నాకు ముందే సంతోషించే వీలు పోయింది. అవతల జరిగింది ఇవతలికి చేరడానికి ఆ రోజుల్లో కొన్ని సెకన్లు పట్టేది. ఇవతలి మనిషి అవతలికి చేరడానికి నా చిన్నతనమంతా పట్టింది.