ఒంటిగంటన్నర చుక్క

అటవీ ఆఫీసులో నా పని చుక్కలు చూడటం. ఉపగ్రహం మన మీదుగా పోతూ అడవిలో ఎక్కడ వేడి తగిలినా మ్యాపులో ఎర్ర చుక్క పెడుతుంది. అది కార్చిచ్చో కాదో తేల్చి, కారణం రాసి మూసేయాలి. కుర్చీలో కూర్చుని అడవిని ఏలుతున్నానని మా ఇంట్లో వేళాకోళం. లోపల నాకూ కాస్త గర్వంగానే ఉండేది.

కారణాలు నేర్పింది అడవిలో కాపలా తిరిగే మా వాచర్. భద్రాచలం వైపు అడవిలో గూడెం ఆయనది. ఇప్పపూల కాలంలో వాళ్లు పొద్దున్నే పూలు ఏరుకుని, మర్నాడు రాలే పువ్వు కనబడాలని చెట్టు కింద ఎండుటాకు ఊడ్చి కాలుస్తారు. పొద్దుటి ఉపగ్రహానికి అవన్నీ చుక్కలే.

"గవి పెద్ద మంటలు కావు మేడం. ఇప్పచెట్టు అని రాయుండ్రి. లేకుంటే మావోళ్ల మీద కేసులైతయి," అన్నాడు.

అప్పట్నుంచి గూడేల పక్కన చుక్క పడితే 'ఇప్పచెట్టు' అని రాసి మూసేసేదాన్ని. చేతికి అలవాటైపోయింది.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, ఒంటిగంటన్నర చిత్రంలో, ఆయన గూడెం చివర చుక్క పడింది. ఆ రోజు గాలిదుమారం. చిత్రమంతా మట్టిరంగు. చుక్క నుంచి గోదావరి వైపు సన్నగా బూడిదరంగు చార. దుమ్మే అనుకున్నాను. 'ఇప్పచెట్టు' అని రాసి, పెరుగన్నం కలుపుకున్నాను.

ఎండెక్కాక ఏ గూడెంలోనూ ఆకు కాల్చరు. గాలి లేస్తుందని వాళ్లకు భయం. అదీ ఆయన చెప్పిందే. నాకు గుర్తు రాలేదు.

చుక్క పడిన చోటి ఇప్పచెట్టు ఆ వాచర్ వాళ్లమ్మది. బండ మీద పూలు ఎండబోసి, ఆ నీడన కునుకు తీస్తోంది. అవతలి నుంచి వచ్చిన మంట ఆమెను చుట్టేసింది. బతకలేదు. ఆయన ఆ రోజు నడక దూరంలో క్యాంపులోనే ఉన్నాడు. నేను ఒక్క ఫోను చేస్తే సరిపోయేది.

కొన్నాళ్లకు డ్యూటీకి వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డాడు.

"మేడం, ఆ దినం మా అమ్మ చెట్టు కాడ చుక్క పడ్డదా?"

"పడలేదన్నా."

"అవ్ లే. దుమ్ము లేసింది గదా. దానికి గూడ కనబడలేదేమో."

ఆ మాటకు నాకు హాయిగా ఊపిరి వచ్చింది. సిగ్గు తర్వాత వచ్చింది. ఆ హాయినే నేనిప్పటికీ మరిచిపోలేను. ఎన్నిసార్లు ఆ చిత్రం తెరిచి చూశానో. ఇప్పుడు చూస్తే అది పొగేనని పసిపిల్లలకైనా తెలుస్తుంది.

ఈ ఎండాకాలం, మళ్లీ దుమ్ము లేచిన ఒక రోజు, ఒంటిగంటన్నరకు అదే చోట చుక్క. వెంటనే ఆయనకు ఫోను చేశాను.

"అన్నా, మీ అమ్మ చెట్టు దగ్గర మంట! జల్దీ వెళ్లు!"

"ఈడనే ఉన్న మేడం. నేనే కాల్చిన. సుట్టు ఊడ్సిన, నీళ్లు పెట్టుకున్న."

"ఇంత ఎండలోనా? ఎందుకన్నా?"



"గాలి, దుమ్ము ఆ దినం లెక్కనే ఉన్నయి. కనబడ్తదా అని చూసిన," అన్నాడు. "కనబడ్డది గదా మేడం."

"కనబడింది. ఆ రోజు కూడా కనబడిందన్నా."

"అవ్," అన్నాడు.

ఆయన ఫోను పెట్టేయలేదు. ఆకు కాలుతున్న చప్పుడు వింటూ నేనూ పెట్టలేకపోయాను.